కుడి నుంచి తెరిచే సింహం

కాజీపేట ఎల్లస్వామి ఇంట్లో నలభై రెండు సింహాలున్నాయి. నలభై ఒకటి బీరువాల్లో ఉన్నాయి. ఒకటి మాత్రం బియ్యం డ్రమ్ములో, పాలిథిన్ సంచిలో, రెండు జానెల బియ్యం కింద పడుకొని ఉంది. బీరువాల్లోవి ఎల్లస్వామివి. డ్రమ్ములోది దొంగిలించినది.

ముప్పై మూడేళ్ళు గూడ్సు బండ్ల వెనక డబ్బాలో గార్డుగా తిరిగి రిటైరైన మనిషి ఆయన. ఆ తిరుగుడులో అంటుకున్న పిచ్చి ఇది. బొమ్మలున్న పాత నీతికథల పుస్తకం ఎక్కడ కనబడినా వదిలేవాడు కాదు. బొమ్మలు లేనివి ఊరికే ఇచ్చినా ముట్టడు. ఒక్కో పుస్తకం ఎట్లా దొరికిందో అడిగితే పొద్దుగూకిందాకా చెబుతాడు. నెక్కొండ స్టేషన్లో పల్లీల పొట్లం మీద తాబేలు బొమ్మ చూసి, బొగ్గు బండిని పన్నెండు నిమిషాలు ఆపించి, పల్లీలమ్మే ఆమె గంపలోంచి మిగిలిన పేజీలన్నీ ఏరుకొచ్చానంటాడు. ఆ పన్నెండు నిమిషాలు మరుసటి ఏడు చెప్పేసరికి ఇరవై అయ్యాయి. ఆ పై ఏడు వెనకాల రెండు ఎక్స్‌ప్రెస్ బండ్లు కూడా ఆగాయి.

"మనుషులు పండుకోను జాగ లేదు గని నక్కలకు బీరువలు!" అని ఆయన భార్య సమ్మమ్మ రోజుకొక్కసారైనా అంటుంది. అనకపోతే ఆ రోజు ఆమెకు ఒంట్లో బాగా లేదని అర్థం.

ఇన్ని పుస్తకాలున్న మనిషి ఒక్క కాగితం కోసం దొంగ అయ్యాడు. ఆ కాగితం సంగతి ముందు చెప్పుకోవాలి.

మండిబజారులో ఉండే ఫకీర్ మహమ్మద్ దగ్గర ఒక పుస్తకముంది. దానికి పేరు లేదు, అట్టలు రెండూ ఎప్పుడో ఊడిపోయాయి. ఇద్దరు మిత్రులూ దాన్ని 'రెండు మొగాల బుక్కు' అనేవారు. ఎడమవైపు నుంచి తెరిస్తే తెలుగు, కుడివైపు నుంచి తెరిస్తే ఉర్దూ. అవే పది కథలు, అవే జంతువులు, రెండు భాషల్లో రెండు దిక్కుల నుంచి నడిచొచ్చి నట్టనడుమ కలుసుకుంటాయి. ఆ నడుమ, మూడు మడతలుగా మడిచిన పొడుగాటి కాగితం మీద ఒకే ఒక్క రంగుల బొమ్మ. సింహం, బావి, నీళ్ళలో సింహం. రాతి మీద గీసి అచ్చు కొట్టిన బొమ్మ. ఫకీర్ మహమ్మద్ తాత ఆ అచ్చు కార్ఖానాలో రాళ్ళు నున్నగా అరగదీసే పని చేసేవాడట. ఆయన ఇంటికి తెచ్చుకున్న ప్రతి ఇది. ఇంకొక ప్రతి ఉందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఎల్లస్వామి అంతటివాడు అబద్ధానికి కూడా అనలేదు.

కుందేలు మాట నమ్మి బావిలోకి తొంగిచూసే సింహం ఎల్లస్వామి దగ్గర నలభై ఒక్క పుస్తకాల్లోనూ ఉంది. అన్నిట్లోనూ పైన సింహం గర్జిస్తుంటే కింద నీళ్ళలోదీ గర్జిస్తుంది. ఈ బొమ్మలో మాత్రం పైనున్నది గర్జిస్తుంటే, నీళ్ళలో ఉన్నది భయపడుతోంది. నోరు సగమే తెరిచింది, చెవులు వెనక్కి వాలాయి. ఏ మహానుభావుడు గీశాడో, సింహానికి ముందే తెలిసిపోయినట్టు గీశాడు. ముప్పై ఏళ్ళుగా ఎల్లస్వామి ఆ బొమ్మను చూడడానికే కాజీపేట నుంచి మండిబజారుకు వెళ్ళొచ్చేవాడు. బయటికి మాత్రం భాభీ చేసే చాయ్ కోసం అనేవాడు.

ఫకీర్ మహమ్మద్ బడిలో డ్రాయింగు సారుగా చేసినవాడు. ఆరేళ్ళ కింద రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్ అంటే వణుకు. చూపు పూర్తిగా మసకబారి, వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియనంత వరకు వాయిదా వేశాడు. చివరికి కొడుకు ఇజాజ్ కసిరి ఒప్పించాడు. ఆపరేషన్‌కు ముందటి ఆదివారం పుస్తకం తడుముకుంటుంటే నడిమి బొమ్మ ఊడి చేతిలోకి వచ్చింది. పాత జిగురు ఎండి రాలిపోయింది. ఆయన దాన్ని మడతలు చెడకుండా ఎల్లస్వామికి అందించాడు.

"ఇంకెవ్వనికి ఇయ్య. నువ్వయితె పాణం పెట్టి అతికిస్తవ్. బుక్కు సుత తీస్కపో."

ఎల్లస్వామి తీసుకుపోయాడు. ఆ రోజంతా ఒకటే ఆలోచన. ఆపరేషన్ చెడితే? ఆయన పోతే? ఇజాజ్‌కు ఈ పుస్తకం విలువ తెలుసా? చిత్తుకాగితాల బండికి వేస్తాడేమో! నిజానికి ఇజాజ్ అట్లాంటి పిల్లగాడు కాదు. కానీ దొంగతనానికి ముందు మనిషి ఎవరినో ఒకరిని చెడ్డవాణ్ణి చేసుకోవాలి కదా. సోమవారం మందపాటి కాగితానికి చాయ్ డికాషన్ పట్టించి ఆరనిచ్చాడు. హన్మకొండ తీసుకెళ్ళి దాని మీద ఇంకు మిషన్‌తో కలర్ జిరాక్స్ తీయించాడు. మైదాపిండి ఉడికించి లై చేసి, ఆ నకలును పుస్తకంలో అతికించాడు. గురువారం పుస్తకం తిరిగిచ్చేటప్పుడు, "లై ఆరెదాక తెరువకు భాయ్, పేజీలు అంటుకుంటయ్" అని ఒక మాట వేశాడు.

"ఎందుకు తెరుస్త? ఆదివారం కట్టు ఇప్పినంక కండ్లతోనే చూస్త," అన్నాడు ఫకీర్ మహమ్మద్. ఆయన భార్య అజ్మత్ బీ పుస్తకాన్ని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది.

శనివారం పొద్దున కంటి దవాఖాన. ఆ బెంచీల మీద ఇరవై మంది ముసలివాళ్ళు చుక్కల మందు వేయించుకుని, కళ్ళు మూసుకుని వరుసగా కూర్చున్నారు. ఫకీర్ మహమ్మద్ పదకొండో నంబరు. ఒక పక్క ఇజాజ్, ఇంకో పక్క ఎల్లస్వామి.

"ఎల్లస్వామీ, జర భయమైతాంది రో."

"ఏం భయం భాయ్? మడికొండల ఒకాయినకు ఒక్క కన్ను చేస్తె రెండు కండ్లు కనపడ్డయట. మూడో దినానికి గోడ అవుతలిది సుత కనపడుడు షురూ అయ్యింది. పక్కింటోళ్ళు పోలీస్ స్టేషన్ల కేసు పెట్టిండ్రు."

ఫకీర్ మహమ్మద్ భుజాలు ఊగేలా నవ్వాడు. బెంచీ మీది మిగతా కళ్ళు మూసుకున్న వాళ్ళు కూడా నవ్వారు.

"కట్టు ఇప్పంగనే ముందుగాల ఏం చూస్తనో చెప్పు?"

"భాభీ మొకం."

"ఆమెది యాదికున్నది. బొమ్మ యాదికి లేదు. ఆరేండ్లాయె." ఆయన కుడి చేయి గాలిలోకి లేచింది. వేళ్ళ కొసలతో లేని కాగితాన్ని పట్టుకుంది. "కుడిచేతితోని గుంజాలె. ముందుగాల గట్టుమీది సింహం ఉంటది. ఇంక జర గుంజితె బావి. ఆఖర్ల నీళ్ళల్లది. మా తాత చెప్పెటోడు, బొమ్మను ఉర్దూ దిక్కు అతికిచ్చింది గందుకేనట. నీళ్ళల్ల సింహం ఆఖర్ల కనపడాలె. ముందే కనపడితె కథ ఏడున్నది?"

ఎల్లస్వామి తన కుడి చేయిని చూసుకున్నాడు.

ఆయన నకలును తెలుగు దిక్కు అతికించాడు. ఎడమ నుంచి చదువుకుంటూ వచ్చిన చేయి, తెలుగు ఆఖరి పేజీ పక్కనే ఆగి అక్కడే లై రాసింది. ఇంకో దిక్కు కూడా ఉందన్న ఆలోచనే రాలేదు. అటు అతికిస్తే ఎడమ చేత్తో గుంజాలి. గుంజగానే ముందు నీళ్ళలోది కనబడుతుంది, గట్టుమీది సింహం చివరికి వస్తుంది. ముప్పై ఏళ్ళు చూసిన బొమ్మే. కానీ తెరిచింది ఎప్పుడూ ఫకీర్ మహమ్మదే. ఎల్లస్వామి చూసింది తెరిచిన బొమ్మను, తెరిచే చేయిని కాదు.

రేపు పొద్దున కట్టు విప్పుతారు. పుస్తకం తెరిచిన మొదటి నిమిషంలోనే దొరికిపోతాడు.

"ఇప్పుడు ఎన్నో నంబరు నడుస్తాంది?" అని అడిగాడు.

"నాలుగు," అన్నాడు ఇజాజ్. "రెండింటికల్ల ఇంటికి పంపిస్తరట అంకుల్."

"భాయ్, నేను జర ఇంటికి పోయొస్త. సమ్మమ్మ ఫోన్ చేసింది. గ్యాస్ వాసన వస్తాందట."

"పో పో, ఫికర్ చెయ్యకు. కని రేపు కట్టు ఇప్పుకొని ఇంటికొచ్చేటాల్లకు నువ్వుండాలె. నువ్వు రాకపోతె నేను బుక్కు తెరువ."

స్కూటరు హన్మకొండ చౌరస్తా దాటేసరికి పదకొండు. ఫాతిమానగర్ బ్రిడ్జి మీద లారీ అడ్డంగా ఆగి ఉంటే పది నిమిషాలు పోయింది. ఆ పది నిమిషాలను ఎల్లస్వామి తర్వాత ఎప్పుడూ పెంచి చెప్పలేదు. అసలు చెప్పనే లేదు. ఇంట్లోకి దూరి డ్రమ్ములో మోచేతి దాకా చేయి పెట్టాడు.

"ఏమయ్యో, బియ్యంల ఏం దేవుతానవ్?" సమ్మమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బల్లి పడ్డది."

"బల్లికి పాలిథిన్ సంచి తొడిగి మరీ పడేసిండ్రా ఎవలన్న?"

ఆయన బదులు చెప్పకుండా సంచి చంకన పెట్టుకుని స్కూటరెక్కాడు. అసలు బొమ్మను తిరిగిచ్చేద్దామని కాదు. మంచి బుద్ధి అంత తొందరగా పుడితే దొంగతనాలే ఉండవు. పాత జిగురు మరక ఏ అంచున ఉందో చూసి, నకలును సరిగ్గా అక్కడికి మార్చాలని, అంతే.

మండిబజారు ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. అజ్మత్ బీ గడప దగ్గర కూర్చుని మెంతికూర తెంపుతోంది.

"ఏమైందన్నా? ఆయన మంచిగున్నడా?"

"మంచిగున్నడు భాభీ. ఇంక లోపటికి పిలువలె. లై ఆరిందో లేదో చూసి పోదామని వచ్చిన. రేపు తెరుస్తడు గద, అంటుకుంటె బాగుండది."

ఆమె లేచి పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పుస్తకాన్ని రెండు చేతులతో ఇచ్చింది. ఇచ్చి అక్కడే నిలబడింది.

"చాయ్ పెట్టన్నా?"

"పెట్టు. మస్తు వేడిగ పెట్టు. ఓ గిలాసల వట్టి వేడి నీళ్ళు సుత కావాలె."

ఆమె నీళ్ళు తెచ్చిచ్చి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. ఎల్లస్వామి చాప మీద పుస్తకం పరిచి, అతికిన అంచు కింద గ్లాసు పెట్టాడు. ఆవిరికి లై మెత్తబడాలి. ఎండిన మైదా లై మొండిది. ఒక్క అంగుళం ఊడింది. స్టవ్ మీద గిన్నె పెట్టిన చప్పుడు. రెండో అంగుళం. చాయ్ పత్తి డబ్బా మూత తీసిన చప్పుడు. మూడో అంగుళం దగ్గర ఆవిరి తగిలి జిరాక్స్ రంగు కరగడం మొదలైంది. గట్టుమీది సింహం జూలు పసుపుగా కారి బావిలోకి దిగింది. ఆయన తుడవబోయాడు. తడిసిన కాగితం వేలి కిందనే పర్రుమని చిరిగింది. అయితే దాని కిందున్న తెలుగు పేజీకి మాత్రం ఏమీ కాలేదు. ఆ ఒక్కదానికి లోపల్లోపలే దండం పెట్టుకున్నాడు.

ఇప్పుడు నకలు లేదు. ఉన్నది అసలు ఒక్కటే.

చెమట బొట్టు పుస్తకం మీద పడకుండా తల పక్కకు తిప్పాడు. జేబులో చిన్న సీసాలో తెచ్చిన లై తీశాడు. పాలిథిన్ సంచిలోంచి అసలు బొమ్మ తీసి ఉర్దూ దిక్కు పెట్టి చూశాడు. గోధుమరంగు పాత మరక, పేజీ మీది మరకకు అచ్చంగా అతికింది. వేలితో సన్నగా లై రాసి అంచు నొక్కుతుండగా వెనక గాజులు గలగలమన్నాయి.

అజ్మత్ బీ చాయ్ గ్లాసుతో నిలబడింది. చాప మీద ఒక బొమ్మ మెరుస్తోంది. ఇంకొకటి చిరిగి, పసుపు కారుతూ పక్కన పడి ఉంది.

"అన్నా," అంది నెమ్మదిగా. "రెండు సింహాలెట్లయినయ్?"

ముప్పై ఏళ్ళలో ఎల్లస్వామి నోటికి కథ దొరకని సందర్భం లేదు. ఏ పులినైనా ఏ స్టేషన్లోనైనా దింపగలిగిన నోరు అది. నోరు తెరిచాడు. మడికొండ రాలేదు, నెక్కొండ రాలేదు. ఆమె చాయ్ కింద పెట్టి, కొంగుతో చేయి తుడుచుకుని, చిరిగిన కాగితాన్ని ఎత్తి వెలుతురుకు పట్టింది. వెనక్కి తిప్పింది. జిరాక్స్ కాగితం వెనకంతా తెల్లగా ఉంది. డికాషన్ ఒక దిక్కే పూశాడు.

"తప్పయింది భాభీ," అన్నాడు చివరికి.

"ఆదివారం నాడు బుక్కు నీ చేతికిచ్చినంక మా ఆయన ఏమన్నడో ఎర్కేనా? 'కండ్లు పోతె పోయినయ్, ఎల్లస్వామి కండ్లున్నయ్' అన్నడు." ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "నేనయితె ఏం చెప్ప. ఆయన నన్ను అడగడు. నిన్నయితె అసలే అడగడు. చాయ్ తాగు, సల్లారిపోతది."

ఆయన చాయ్ తాగాడు. నాలుక కాలింది, దించలేదు. చిరిగిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. పుస్తకం మళ్ళీ గుడ్డలోకి, పెట్టెలోకి పోయింది. గుమ్మం దాటుతుంటే ఇజాజ్ ఫోను. ఆపరేషన్ అయ్యింది, మంచిగయ్యింది.

ఇక ఎల్లస్వామికి భయపడవలసిందేమీ లేదు. అసలు బొమ్మ అసలు చోటికి చేరింది. భాభీ చెప్పదు. కానీ ఆ సాయంత్రం నుంచి ఆయన అన్నం ముద్ద నోటి దాకా తెచ్చి దించేస్తుంటే, సమ్మమ్మ రెండుసార్లు నుదురు పట్టి చూసింది. నక్కల గురించి ఒక్క మాటా అనలేదు.

ఆదివారం పొద్దున పది గంటలకు దవాఖానలో కట్టు విప్పించుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఫకీర్ మహమ్మద్ ఇంటికొచ్చాడు. గుమ్మంలో ఆగి, అజ్మత్ బీ ముఖాన్ని అద్దాలెత్తి చూశాడు.

"నువ్వు ముసల్దానివైనవే!"

"నువ్వు అద్దంల చూస్కో ముందుగాల!"

తర్వాత, ముందే వచ్చి చాప పక్కన నిలబడ్డ ఎల్లస్వామిని చూశాడు. "నువ్వు సుత. అందరు కల్సి నన్ను మోసం చేసిండ్రు. నా లోపట మీరంత గట్లనే పడుచుగ ఉంటిరి." నవ్వి, చాప మీద కూలబడి, "తే," అన్నాడు.

అజ్మత్ బీ పుస్తకం తెచ్చి ముందుంచి, వెళ్ళి తలుపుకు ఆనుకుని నిలబడింది. ఎల్లస్వామి వైపు చూడలేదు.

ఫకీర్ మహమ్మద్ కుడివైపు నుంచి మొదలుపెట్టాడు. మొదటి కథ, కాకి. రెండో కథ, తాబేలు. తొందరే లేదు మనిషికి. ఒక్కో బొమ్మ దగ్గర ఆగి, ముక్కు ఆనించేంత దగ్గరికి వంగి, గీత గీతనూ పలకరిస్తున్నాడు. ఎల్లస్వామి లోపల పేజీలు లెక్కపెడుతున్నాడు. ఐదో కథ. ఆరు. ఊరుకుంటే ఇవాళ్టితో గండం గడుస్తుంది. ఎనిమిది. తొమ్మిది. నోరు విప్పితే ఈ చాప, ఈ చాయ్, ఈ ముప్పై ఏళ్ళ ఆదివారాలు పోతాయి. పది.

నడిమి కాగితం మడత కనబడింది. ఫకీర్ మహమ్మద్ అంచు వెంబడి వేలు నడిపాడు.

"అరె వా! మా తాత అతికిచ్చినట్టే అతికిచ్చినవ్. నీది సాఫ్ చెయ్యి యారో." పుస్తకాన్ని ఎల్లస్వామి ముందుకు జరిపాడు. "ఇయ్యాల నువ్వు గుంజు. ఇన్నేండ్లల్ల ఒక్కసారి సుత నీకు ఇయ్యలె నేను. కుడిచేతితోని, పై కొస పట్టుకో. కానియ్."

ఎల్లస్వామి కుడి చేయి లేచింది. కాగితానికి జానెడు దూరంలో ఆగింది. అక్కడి నుంచి ముందుకు పోలేదు. వెనక్కి వచ్చి జేబులో దూరి, నాలుగు మడతల కాగితాన్ని తెచ్చి చాప మీద పెట్టింది.

"భాయ్, ఇది నకల్. అసల్ది నేను దొంగతనం చేసిన. గురువారం నీకిచ్చిన బుక్కుల ఇదే ఉండె. నిన్న నువ్వు దవాఖానల ఉన్నప్పుడు వచ్చి మార్చిన. తెలుగు దిక్కు అతికిచ్చిన, దొరికిపోతనని మార్చిన. మంచితనంతోని కాదు."

ఫకీర్ మహమ్మద్ నకలును విప్పాడు. పసుపు కారిన సింహాన్ని, చిరిగిన బావిని చాలాసేపు చూశాడు. నల్లద్దాల వెనక ఆ కళ్ళు ఏమనుకుంటున్నాయో తెలియలేదు.

"ఎన్ని దినాలుండె నీ దగ్గర?"

"ఆరు."

"మంచిగ చూసినవా?"

"కండ్లార ఒక్కసారి సుత చూడలె. బియ్యం డ్రమ్ముల దాచిన."

"డ్రమ్ముల!" ఆయన గిర్రున ఇటు తిరిగాడు. "పురుగు వడితె? తేమ వడితె? దొంగతనం చేసేటోనికి జర అకల్ ఉండద్దా? పాగల్!" దొంగతనానికి రాని కోపం డ్రమ్ముకు వచ్చింది. ఆ కోపంలో ఆపరేషన్ అయిన కళ్ళు నలుపుకుంటాడేమోనని అజ్మత్ బీ వచ్చి ఆయన భుజం మీద చేయి వేసింది. ఆయన ఆ చేతిని పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఎల్లస్వామి లేచాడు. చెప్పుల దాకా వెళ్ళాడు.

"యాడికి?"

"పోత భాయ్."

"నకల్ తీస్కపో. నీ బుక్కుల నడుమ పెట్టుకో. ఎవలన్న అడిగితె ఇదే చెప్పు, ఉన్నదున్నట్టు. నిమిషాలు పెంచకు." కొంచెం ఆగాడు. "పోయెముందు ఇటు కూసో."

ఎల్లస్వామి వచ్చి కూర్చున్నాడు.

"చేతులు ఎన్కకు పెట్టుకో. నా బుక్కు నువ్వు మళ్ళ ముట్టవు. నేను బతికున్నన్ని దినాలు. చూడు, ఎన్నిసార్లన్న చూడు. ముట్టద్దు."

బడిపిల్లాడిలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు ఎల్లస్వామి. నలభై ఒక్క పుస్తకాలను వేళ్ళతోనే తెలుసుకున్న మనిషికి అది ఎంత శిక్షో ఫకీర్ మహమ్మద్‌కు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఫకీర్ మహమ్మద్ కుడిచేత్తో గుంజాడు. గట్టుమీది సింహం. ఇంకొంచెం, బావి. ఇంకొంచెం. వంగి, అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, చాలాసేపు చూశాడు.

"ఇది భయపడ్తలేదు రో," అన్నాడు. "నువ్వు ఇన్నేండ్లు భయపడ్తాంది భయపడ్తాంది అంటివి. జాలి చూపెడ్తాంది ఇది. పైదాని మీద."

"యాడ జాలి? చెవులు చూడు భాయ్, ఎట్ల వాలినయో."

"ఏ చెవి?"

ఎల్లస్వామి భుజం ముందుకు కదిలింది. వెనకాల ఒక చేయి ఇంకో చేయిని గట్టిగా పట్టి ఆపింది. ఆయన మెడ సాచి, గడ్డంతో చూపించాడు.

"గిదిగో. గీ ఎడమ దిక్కుది."